కోడే చట్టమా? లారెన్స్ లెసిగ్ ఇంటర్నెట్ చట్ట పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

లా చదివేవాళ్లూ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లూ నన్ను విడివిడిగా అడిగిన ప్రశ్నలివి. ఇద్దరివీ ఒకేచోట పెడుతున్నాను. ఒకరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు రెండోవారి దగ్గరే ఉంటుంది.

లెసిగ్ ఎవరు?

అమెరికాలో రాజ్యాంగ చట్టం బోధించే ప్రొఫెసర్. 1961లో సౌత్ డకోటాలో పుట్టారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం, కేంబ్రిడ్జ్‌లో తత్వశాస్త్రం, యేల్‌లో లా చదివారు. ఆ తర్వాత ఇద్దరు జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా, అంటే కేసుల పరిశోధనలో సాయపడే యువ లాయర్‌గా, పనిచేశారు. ఒకరు అప్పీల్ కోర్టు జడ్జి రిచర్డ్ పోస్నర్, మరొకరు సుప్రీంకోర్టు జడ్జి ఆంటొనిన్ స్కాలియా. ఇద్దరూ సంప్రదాయవాదులుగా పేరున్నవాళ్లే. 1991 నుంచి షికాగో, తర్వాత హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, 2009 నుంచి మళ్లీ హార్వర్డ్. ఇంటర్నెట్‌ను ఎవరు, ఎలా అదుపు చేస్తారన్న ప్రశ్నకు లా ప్రపంచంలో ఒక పద్ధతి ఏర్పడిందంటే, అందులో పెద్ద వాటా ఈయనదే.

ఇంటర్నెట్‌కి వేరే చట్టశాస్త్రం ఎందుకు? మోసం ఎక్కడ చేసినా మోసమే కదా?

సరిగ్గా ఈ మాటే 1996లో ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్ అనే జడ్జి షికాగో విశ్వవిద్యాలయంలో అన్నారు. గుర్రాల అమ్మకం మీద కేసులున్నాయి, గుర్రం తన్నిన కేసులున్నాయి, గుర్రప్పందేల లైసెన్సుల కేసులున్నాయి. అంతమాత్రాన 'గుర్రాల చట్టం' అని ఒక సబ్జెక్టు పెడితే ఎలా ఉంటుంది? ఒప్పందాల చట్టం, ఆస్తి చట్టం, నష్టపరిహార చట్టం బాగా నేర్చుకోండి, గుర్రాల సంగతి వాటిలోనే తేలుతుంది. ఇంటర్నెట్టూ అంతే అన్నది ఆయన వాదన.

గట్టి వాదనే. లెసిగ్ దీనికి 1999లో హార్వర్డ్ లా రివ్యూలో జవాబిచ్చారు. వ్యాసం పేరులోనే గుర్రాన్ని పెట్టారు. గుర్రాల మీద తీర్పులు చదివితే గుర్రాల గురించే తెలుస్తుందని ఒప్పుకుంటూనే, ఇంటర్నెట్‌ను చదివితే మాత్రం చట్టం గురించే కొత్త సంగతి తెలుస్తుందన్నారు. మనుషుల్ని కట్టడి చేసేది చట్టం ఒక్కటే కాదన్నదే ఆ సంగతి. భౌతిక ప్రపంచంలో ఇది కంటికి ఆనదు. గోడలు, దూరాలు, చీకటి, ముఖాలు అన్నీ మనం పుట్టకముందు నుంచీ ఉన్నవే కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోం. ఇంటర్నెట్‌లో ప్రతి గోడనూ ఎవరో ఒకరు కట్టాల్సిందే, ఏ గోడనైనా రేపు మార్చొచ్చు.

ఈస్టర్‌బ్రూక్ అడగకపోతే లెసిగ్ ఇంత స్పష్టంగా రాసేవారు కాదని నా నమ్మకం. మంచి పరిశోధనకు మంచి ప్రత్యర్థి కావాలి.

అప్పట్లో అందరూ ఏమనుకునేవారు?

ఇంటర్నెట్‌ను ఏ ప్రభుత్వమూ పట్టుకోలేదనుకునేవారు. 1996 ఫిబ్రవరి 8న ఇంటర్నెట్ హక్కుల కార్యకర్త జాన్ పెరీ బార్లో దావోస్ నుంచి సైబర్ ప్రపంచ స్వాతంత్ర్య ప్రకటన విడుదల చేశారు. ప్రభుత్వాలకు అక్కడ ఏ అధికారమూ లేదన్నారు. అదే రోజు అమెరికా అధ్యక్షుడు క్లింటన్ కొత్త టెలికాం చట్టంపై సంతకం చేశారు. ఇంటర్నెట్‌లో అసభ్యతను నేరంగా మార్చిన భాగం అందులోనిదే. అదే ఏడాది డేవిడ్ జాన్సన్, డేవిడ్ పోస్ట్ అనే ఇద్దరు లా పండితులు సరిహద్దుల్లేని చోట దేశాల చట్టాలు చెల్లవని వాదించారు. 1998లో మరో లా పండితుడు జాక్ గోల్డ్‌స్మిత్ దాన్ని ఖండించారు. దేశాల మధ్య వ్యవహారాలను చట్టాలు ఎప్పటినుంచో తేలుస్తున్నాయి, ఇదేమీ కొత్త కాదన్నారు.

లెసిగ్ వీళ్లెవరి పక్షానా నిలబడలేదు. 1999లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం 'కోడ్' తూర్పు యూరప్‌లో 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వాలు కూలిన సందర్భంతో మొదలవుతుంది. రాజ్యం పక్కకు తప్పుకుంటే స్వేచ్ఛ దానంతటదే వస్తుందనుకున్నారు, రాలేదు. ఇంటర్నెట్ విషయంలోనూ అంతేనని ఆయన హెచ్చరించారు. వదిలేస్తే అది స్వేచ్ఛాలోకం కాదు, వ్యాపారమూ ప్రభుత్వమూ కలిసి మనిషిని పూర్తిగా అదుపు చేయగల సాధనం అవుతుందన్నారు. 1999లో ఈ మాట నిరాశావాదంలా వినిపించింది.

'కోడే చట్టం' అంటే అసలు అర్థం ఏమిటి?

మన ప్రవర్తనను నాలుగు అదుపు చేస్తాయంటారు లెసిగ్: చట్టం, సమాజపు కట్టుబాట్లు, మార్కెట్, నిర్మాణం. ఇంటర్నెట్‌లో ఆ నిర్మాణం పేరే కోడ్, అంటే సాఫ్ట్‌వేర్‌లో రాసిన ఆదేశాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. మెసేజింగ్ యాప్‌లో ఒక పుకారు తిరుగుతోంది. దాన్ని పంపకుండా నన్ను ఆపేవి ఏమిటి? కేసు పెడతారన్న భయం చట్టం. 'ఇలాంటివి పంపకు' అని గ్రూపులో పెద్దవాళ్లు కోప్పడటం కట్టుబాటు. ఒక్కో మెసేజ్‌కి డబ్బు కట్టాల్సి వస్తే అది మార్కెట్. ఇక నాలుగోది చూడండి. వాట్సాప్ 2019 జనవరిలో ప్రపంచమంతటా ఫార్వర్డ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకే పరిమితం చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా మార్చింది. ఆ తర్వాత అలాంటి మెసేజ్‌ల ఫార్వర్డింగ్ 70 శాతం తగ్గిందని కంపెనీయే చెప్పింది. ఏ చట్టసభా ఓటు వేయలేదు, ఏ పోలీసూ ఎవరింటికీ వెళ్లలేదు. బటన్ పనిచేసే తీరు మారింది, అంతే.

చట్టానికీ కోడ్‌కీ ఉన్న అసలు తేడా ఇక్కడ తెలుస్తుంది. చట్టాన్ని ఉల్లంఘించవచ్చు. ఉల్లంఘించాక పట్టుకోవాలి, విచారించాలి, అప్పుడు శిక్ష. ఆ మధ్యలో వాదించడానికి, క్షమించడానికి, చట్టమే తప్పని నిరూపించడానికి చోటుంటుంది. కోడ్‌లో ఆ చోటు లేదు. అది ముందే ఆపేస్తుంది. ఆపిందని చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు.

ఫార్వర్డ్ పరిమితి మంచిదా కాదా? నాకు మంచిదే అనిపిస్తుంది. కానీ దాన్ని నిర్ణయించింది ఎవరు, వాళ్లను ప్రశ్నించాలంటే ఎక్కడికి వెళ్లాలి అన్నది లెసిగ్ మనచేత అడిగించే ప్రశ్న.

అంటే ప్రభుత్వం బలహీనమైపోయిందనా?

కాదు. ఇక్కడే చాలామంది ఆయన్ని తప్పుగా చదువుతారు. ప్రభుత్వం కోడ్‌ను నేరుగా రాయనక్కర్లేదు, రాసేవాళ్లను ఆదేశిస్తే చాలు. 1994లో అమెరికా కాంగ్రెస్ చేసిన ఒక చట్టం ప్రకారం టెలిఫోన్ కంపెనీలు తమ నెట్‌వర్క్‌ను పోలీసులు కోర్టు అనుమతితో వినగలిగేలా కట్టాలి. డిజిటల్ నెట్‌వర్క్‌లు వచ్చాక ఫోన్ వినడం కష్టమైంది. దాంతో ప్రభుత్వం నెట్‌వర్క్‌ నిర్మాణాన్నే మార్చమంది. ఫోన్ చేసే మనిషి మీద కొత్త నిబంధన ఒక్కటీ లేదు.

లెసిగ్‌ను కలవరపెట్టేది ఈ చాటు వ్యవహారమే. ఆయన చెప్పే మరో ఉదాహరణకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు. ప్రభుత్వ నిధులతో నడిచే కుటుంబ నియంత్రణ క్లినిక్‌లలో డాక్టర్లు గర్భస్రావం గురించి సలహా ఇవ్వకూడదన్న నిబంధనను 1991లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించింది. క్లినిక్‌కి వచ్చిన మహిళకు డాక్టర్ మౌనం వైద్య సలహాలా కనిపిస్తుంది, వెనకున్న ప్రభుత్వం కనిపించదు. కోడ్ ద్వారా పాలించడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. స్క్రీన్ మీద 'ఇది సాధ్యం కాదు' అని వస్తే సాంకేతిక ఇబ్బంది అనుకుంటాం. అది ఎవరో తీసుకున్న నిర్ణయమని మనకు తట్టదు.

క్రిప్టో వాళ్లు అనే 'కోడే చట్టం' ఇదేనా?

మాట అదే, అర్థం తలకిందులు. 2016లో ఇథీరియం అనే క్రిప్టో వేదిక మీద 'ది డావో' అనే ఉమ్మడి పెట్టుబడి నిధి నడిచింది. మేనేజర్ లేడు, నిబంధనలన్నీ ప్రోగ్రామ్‌లోనే. జూన్‌లో ఎవరో కోడ్‌లోని లోపాన్ని వాడుకుని దాదాపు 36 లక్షల ఈథర్ (ఇథీరియం నాణేలు) లాగేశారు. కోడ్ అనుమతించింది కాబట్టి అది దొంగతనం కాదు, కోడే చట్టం అని ఒక వర్గం వాదించింది. ఎక్కువమంది ఒప్పుకోలేదు. జూలైలో చెయిన్‌నే, అంటే లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి చిట్టానే, చీల్చి డబ్బు వెనక్కి తెచ్చారు. చీల్చడానికి ఇష్టపడనివాళ్లు పాత చెయిన్‌ను ఇథీరియం క్లాసిక్ పేరుతో నడిపించారు.

కోడ్‌కి చట్టంలా లోబడి ఉండాలని లెసిగ్ ఎప్పుడూ చెప్పలేదు. కోడ్ చట్టం చేసే పని చేస్తోంది కాబట్టి చట్టాన్ని నిలదీసినట్టే దాన్నీ నిలదీయాలన్నారు. వాస్తవాన్ని వర్ణించిన వాక్యాన్ని ఆదర్శంగా మార్చేశారు. ఒక పండితుడి మాటకు ఇంతకంటే పెద్ద అన్యాయం జరగదని నా అభిప్రాయం.

ఎప్పుడో రాసిన రాజ్యాంగం కొత్త టెక్నాలజీకి ఎలా సరిపోతుంది?

ఆయన పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

పోలీసులు అకారణంగా సోదా చేయకూడదని అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ చెబుతుంది. 1928లో ఓమ్‌స్టెడ్ కేసు వచ్చింది. పోలీసులు ఇంట్లో అడుగు పెట్టకుండా బయటి తీగల నుంచి ఫోన్ విన్నారు. ఇంట్లోకి రాలేదు కాబట్టి సోదా కాదని మెజారిటీ జడ్జిలు తేల్చారు. జస్టిస్ బ్రాండైస్ భిన్నాభిప్రాయం రాశారు. ఆ సవరణ రాసిననాడు ఇంట్లోకి రాకుండా మాటలు వినే మార్గమే లేదు, అందుకే గడపను కాపాడితే చాలింది, ఇప్పుడు మార్గం వచ్చింది కాబట్టి రక్షణా ముందుకు జరగాలన్నది ఆయన వాదన సారం. 1967లో కాట్జ్ కేసులో కోర్టు ఆ దారికే వచ్చింది. మధ్యలో 39 ఏళ్లు గడిచాయి.

బ్రాండైస్ చేసిన పనిని లెసిగ్ అనువాదంతో పోలుస్తారు. కాలం మారినా అర్థం చెడకుండా పాత విలువను కొత్త పరిస్థితిలోకి తేవడం. అయితే అన్నిసార్లూ అది కుదరదని కూడా చూపిస్తారు. ఒక ఊహ: ప్రభుత్వం ఒక ప్రోగ్రామ్‌ను వదిలింది. అది అందరి కంప్యూటర్లలోకీ వెళ్లి, దొంగిలించిన ఒక రహస్య పత్రం ఉందేమో వెతుకుతుంది. లేకపోతే తనను తాను చెరిపేసుకుంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎవరికీ తెలియదు, తప్పు చేయనివాడి గురించి ఏమీ బయటపడదు. ఇది అక్రమ సోదాయేనా?

సోదా అంటే మనకు అభ్యంతరం ఎందుకు? ఇల్లు చిందరవందర చేసి ఇబ్బంది పెడతారనా, అనుమానం లేనివాణ్ణి కూడా అనుమానించి గౌరవం తీస్తారనా? పాతకాలంలో రెండూ కలిసే వచ్చేవి, విడదీయాల్సిన పని పడలేదు. టెక్నాలజీ వాటిని విడదీసింది. జవాబు పాత పుస్తకంలో లేదు, మనమే ఎంచుకోవాలి. దీన్ని ఆయన దాగిన సందిగ్ధత అంటారు. ఫోన్లలోని ఫొటోలను యంత్రంతో వెతికించాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ ఉదాహరణే గుర్తొస్తుంది.

కోర్టులు ఈ రాతలను పట్టించుకున్నాయా?

కొంతవరకు. 1997లో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ అసభ్యత చట్టంలోని ప్రధాన భాగాన్ని కొట్టేసింది. ఆ కేసులో విడిగా రాసిన అభిప్రాయంలో జస్టిస్ ఓకానర్, పెద్దలకూ పిల్లలకూ ఇంటర్నెట్‌లో వేర్వేరు ప్రాంతాలు ఏర్పరచడం గురించి చర్చిస్తూ లెసిగ్ వ్యాసాన్ని ఉదహరించారు. అదే ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ మీద ప్రభుత్వం వేసిన కేసులో జడ్జి ఆయన్ని ప్రత్యేక సహాయకుడిగా నియమించారు. కంపెనీ అభ్యంతరం చెప్పడంతో అప్పీల్ కోర్టు 1998లో ఆ నియామకాన్ని ఆపేసింది.

కాపీరైట్ వైపు ఎందుకు వెళ్లారు?

కోడ్ చట్టాన్ని మించిపోయే తీరు అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించింది కాబట్టి. కాగితం పుస్తకం కొన్నారనుకోండి. చదవొచ్చు, అరువివ్వొచ్చు, అమ్మొచ్చు, బయటికి చదివి వినిపించొచ్చు. వీటిలో వేటికీ కాపీరైట్ అనుమతి అక్కర్లేదు. అదే పుస్తకం ఫైల్ రూపంలో వస్తే, కంప్యూటర్‌లో ప్రతి వాడకమూ ఒక కాపీ చేయడమే. కాపీ అయితే చట్టం పరిధిలోకి వస్తుంది. అంటే ఎవరూ కొత్తగా నిర్ణయించకుండానే, మామూలు చదువు కూడా అనుమతి అడగాల్సిన పనిగా మారింది. అప్పటి కొన్ని ఇ-బుక్ ప్రోగ్రాములు ఎన్ని పేజీలు ప్రింట్ చేయొచ్చో, బయటికి చదివించొచ్చో లేదో కూడా చెప్పేవి. కాపీరైట్ ఎప్పుడో ముగిసిన పుస్తకాలకూ అలాంటి ఆంక్షలు ఉండటాన్ని లెసిగ్ ఎత్తి చూపారు. డిజిటల్ తాళాన్ని తప్పించడమే నేరమని అమెరికాలో 1998లో వచ్చిన చట్టం చెప్పింది. అంటే ముందు కోడ్ చట్టాన్ని దాటి పోయింది, తర్వాత చట్టమే వచ్చి ఆ కోడ్‌కి కాపలా నిలబడింది.

ఎల్‌డ్రెడ్ కేసు ఏమిటి? ఎందుకు ఓడిపోయారు?

1998లోనే కాంగ్రెస్ కాపీరైట్ గడువును 20 ఏళ్లు పెంచింది. రచయిత చనిపోయాక 50 ఏళ్లు ఉన్నది 70 అయింది. కంపెనీల పేరిట ఉన్నవాటికి 75 కాస్తా 95 అయింది. కొత్త రచనలకే కాదు, అప్పటికే ఉన్నవాటికి కూడా. 1923లో అచ్చయినవి 1999 మొదటి రోజున అందరి సొత్తు కావాల్సింది, 2019 జనవరి 1 దాకా ఆగాయి. పాత పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టే ఎరిక్ ఎల్‌డ్రెడ్ తరఫున లెసిగ్ కేసు వేశారు. రాజ్యాంగం 'పరిమిత కాలం' అంటోంది, గడువు తీరబోయిన ప్రతిసారీ పొడిగిస్తూ పోతే పరిమితి ఎక్కడుంది? 40 ఏళ్లలో 11 సార్లు పొడిగించారు.

2002 అక్టోబరులో ఆయనే సుప్రీంకోర్టులో వాదించారు. 2003 జనవరి 15న 7-2 తేడాతో ఓడిపోయారు. తీర్పు జస్టిస్ గిన్స్‌బర్గ్ రాశారు, స్టీవెన్స్, బ్రేయర్ విభేదించారు.

ఎందుకు ఓడిపోయారో ఆయనే తర్వాత ఒక వ్యాసంలో దాపరికం లేకుండా రాశారు. ఈ పొడిగింపు వల్ల సమాజానికి జరిగే నష్టాన్ని కళ్లకు కట్టమని అనుభవజ్ఞులు చెప్పారు. ఆయన మాత్రం రాజ్యాంగ తర్కమే గెలిపిస్తుందని నమ్మారు. నష్టం గురించి ధర్మాసనం నుంచి ప్రశ్న వచ్చినప్పుడు దాన్ని అందిపుచ్చుకోకుండా, మళ్లీ సూత్రం దగ్గరికే వెళ్లారు. లా విద్యార్థులందరూ ఆ వ్యాసం చదవాలి. కోర్టులో ఓడిన కేసు గురించి ఇంత నిజాయితీగా రాసినవాళ్లు అరుదు.

క్రియేటివ్ కామన్స్ ఆ ఓటమి తర్వాత పుట్టిందా?

లేదు, రచయితలకు ఉచిత లైసెన్సులు తయారుచేసి ఇచ్చే ఈ సంస్థ కేసు నడుస్తుండగానే 2001లో పుట్టింది. తొలి లైసెన్సులు 2002 డిసెంబరులో వచ్చాయి. చట్టం మారేదాకా ఎదురుచూడకుండా, ఉన్న చట్టంతోనే దారి వేయడం ఇందులోని ఆలోచన. రచయితే ముందుగా చెప్పేస్తారు: నా పేరు ఉంచి వాడుకోండి, లేదా వ్యాపారానికి వాడకండి, లేదా మార్చితే మీరూ ఇదే షరతుతో పంచండి. ప్రతి లైసెన్సుకూ మూడు రూపాలు ఉంటాయి. లాయర్లకు ఒకటి, మామూలు మనిషికి ఒకటి, యంత్రం చదవడానికి ఒకటి. అంటే చట్టాన్నీ కట్టుబాటునూ కోడ్‌నూ కలిపి కట్టిన పని. ఆయన సిద్ధాంతం ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే ఇది చూడండి. 2009లో వికీపీడియా కూడా ఈ లైసెన్సుల్లో ఒకదానికి మారింది.

ఆయన పైరసీని సమర్థిస్తారా?

లేదు. కాపీరైట్ ఉండాలన్నదే ఆయన మాట, హద్దుల్లో ఉండాలన్నది షరతు.

నెట్ న్యూట్రాలిటీతో సంబంధం ఉందా?

నెట్ కంపెనీలు ఎవరి డేటానైనా ఒకేలా మోయాలన్నదే నెట్ న్యూట్రాలిటీ. ఆ పదం లా ప్రొఫెసర్ టిమ్ వూ 2003 వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. అంతకు ముందే 2001లో లెసిగ్, మరో లా ప్రొఫెసర్ మార్క్ లెమ్లీ కలిసి, తెలివి అంచుల్లోని కంప్యూటర్లలో ఉండాలి, మధ్యలోని నెట్‌వర్క్ ఎవరి డేటా ఏమిటని చూడకూడదన్న పాత ఇంజనీరింగ్ సూత్రాన్ని కాపాడాలని రాశారు. అమెరికాలో ఈ నిబంధనలు 2015లో వచ్చాయి, 2017లో పోయాయి, 2024లో మళ్లీ వచ్చాయి, 2025 జనవరిలో అప్పీల్ కోర్టు కొట్టేసింది.

ఆయన మీద విమర్శలు లేవా?

ఉన్నాయి, బరువైనవే. ప్రతి నిర్మాణ నిర్ణయాన్నీ రాజకీయ నిర్ణయంగా చూస్తే ప్రభుత్వ జోక్యానికి తలుపులు బార్లా తెరిచినట్టేనని డేవిడ్ పోస్ట్ అన్నారు. రకరకాల కోడ్‌లు పోటీ పడితే మనుషులే ఎంచుకుంటారన్నది డేవిడ్ పోస్ట్ నమ్మకం. కోడ్ నియమాలు పెడుతుందని లా ప్రొఫెసర్ జోయెల్ రీడెన్‌బర్గ్ 1998లోనే విడిగా రాశారు, కాబట్టి ఘనత ఒక్కరిదే కాదు.

నా అసంతృప్తి ఒకటుంది. చట్టం, కట్టుబాట్లు, మార్కెట్, నిర్మాణం అనే నాలుగు శక్తులను లెసిగ్ గీసే బొమ్మలో మధ్యనున్న మనిషి ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క ఎవరన్నది బొమ్మ చెప్పదు. ఇంటర్నెట్‌లో మహిళల్ని వెంటాడి వేధించడం వాళ్ల పౌరహక్కుల సమస్య అని లా ప్రొఫెసర్ డానియెల్ సిట్రన్ 2009లో రాశాకే ఆ లోటు నాకు స్పష్టంగా కనిపించింది. ఒకే కోడ్ అందరినీ ఒకేలా తాకదు. అలాగే ఏ పోస్టు ఉండాలో, ఏది పోవాలో కంపెనీల లోపల ఎలా తేలుస్తారన్నది లా పరిశోధకురాలు కేట్ క్లోనిక్ 2018లో వివరించారు. అక్కడ కోడ్‌తో పాటు నిబంధనల పుస్తకాలు పట్టుకున్న మనుషులున్నారు.

ఈ రంగం వదిలేశారని విన్నాం?

2007లో దృష్టి మార్చారు. కాంగ్రెస్ ఎన్నికల విరాళాల మీద బతుకుతున్నంత కాలం ఏ మంచి విధానమూ గెలవదని నిర్ణయానికొచ్చి, రాజకీయ అవినీతిపై పని మొదలుపెట్టారు. క్రియేటివ్ కామన్స్‌లో చిన్న వయసులోనే పనిచేసిన ప్రోగ్రామర్ ఆరన్ స్వార్ట్జ్ వేసిన ప్రశ్నలే తనను ఇటు తిప్పాయని లెసిగ్ చెబుతారు. స్వార్ట్జ్ 2013 జనవరిలో, ఒక ఫెడరల్ కేసు ఎదుర్కొంటూ చనిపోయాడు. వయసు 26. 2015లో లెసిగ్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి కూడా కొద్ది నెలలు పోటీపడ్డారు.

ఏఐ గురించి ఏమంటున్నారు?

2024లో ఏఐ కంపెనీల లోపలి ప్రమాదాల గురించి బయటికి చెప్పే హక్కు కోరిన ఉద్యోగులకు ఫీజు లేకుండా న్యాయసాయం చేశారు. పెద్ద ఏఐ మోడళ్ల భద్రతపై కాలిఫోర్నియా బిల్లును సమర్థిస్తూ లేఖపై సంతకం చేశారు. గవర్నర్ ఆ సెప్టెంబరులో దాన్ని వీటో చేశారు. 1999లో కనీసం కోడ్‌ను తెరిచి చదివితే నియమం ఏమిటో తెలిసేది. ఇప్పటి మోడల్‌లో తెరిచి చూసినా నియమం రాసి ఉండదు, అంకెలే ఉంటాయి. అందుకే లోపల పనిచేసే మనిషి నోరు విప్పగలగడం ఇంత ముఖ్యమైంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

గుర్రం వ్యాసాలు రెండూ పక్కపక్కన పెట్టుకోండి. ముందు ఈస్టర్‌బ్రూక్‌ది చదివి, ఒప్పుకోండి. మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే లెసిగ్‌ది తెరవండి. తర్వాత ఓమ్‌స్టెడ్ తీర్పులో బ్రాండైస్ భాగం. లెసిగ్ మొదటి పుస్తకం 'కోడ్'కు 2006లో వచ్చిన రెండో కూర్పు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంది, ఉచితంగా దింపుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అందులో సోదా ప్రోగ్రామ్ ఉదాహరణ దగ్గర ఆగి, తాము ఈ వారం పెట్టిన డిఫాల్ట్ సెట్టింగ్‌లను ఒక్కొక్కటిగా రాసుకుని చూడండి.